ఇది సిలువ కాదు, మామా

సల్వాలో మేం ఉండే ఇంటి పైవాటాలోకి ఒక అమెరికా ఆవిడ అద్దెకు దిగుతోందని నాకు మొదట చెప్పింది డ్రైవరు. మేం ఉండే ఇల్లు అన్నానని మాదనుకోకండి, అది మా మామాది. కువైట్‌లో ఇంటి యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలుస్తాం. తొంభైల్లో నేను వచ్చిన కొత్తలో ఊరికి ఫోన్ చేసి "మామా దగ్గర బాగానే ఉన్నాను" అంటే, మా ఆయన "మావయ్య అక్కడికెప్పుడొచ్చాడు?" అని అడిగాడు. ఆ మామా ఇంట్లోనే ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. నలుగురు పిల్లలను పెంచాను. ఆఖరి పిల్ల కాలేజీలో చేరాక నాకు మధ్యాహ్నాలు ఖాళీ దొరికాయి. అది దేవుడి దయ. కాకపోతే మనిషి ఖాళీగా కనబడితే మామాకు ఊపిరాడదు.

ఆ రోజు నేనూ డ్రైవరూ ఫహాహీల్‌లో చేపలు కొనుక్కుని సముద్రం పక్క రోడ్డు మీద తిరిగి వస్తున్నాం. డ్రైవరుది జగిత్యాల దగ్గరి పల్లె. రోడ్డు మీద కంటే అద్దంలో నా మొహం మీద ఎక్కువ చూపు పెట్టి మాట్లాడతాడు.

"మీదికి దిగే అమెరికామె కాలేజిల పని చేస్తదట అక్కా."

"ఏం చెప్తాదంట?"

"పోరిలకు క్రాస్ నేర్పుతదట."

ఒళ్ళో చేపల సంచి జారి కాళ్ళ మీద పడింది. "క్రాసా? క్రాసంటే సిలువా తమ్ముడూ?"

"గదంత నాకెర్కలేదు. బాబా ఫోన్ల చెప్తుంటె ఇన్న."

"ఈ దేశంలో, కాలేజీలో కూర్చోబెట్టి సిలువ గురించి చెప్తాదా?"

"నేను అంజన్నను మొక్కెటోన్ని. నన్ను గిసొంటి పంచాయితీల ఇరికియ్యకు. చేపలు దియ్యి, కారంత నీసు వాసనొస్తే బాబా నన్ను తిడ్తడు."

ఇక్కడ మన ప్రార్థన మనం చేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఆ మేలుకు రోజూ కృతజ్ఞత చెప్పుకుంటూనే ఉంటాను. కానీ గుడి గోడ దాటి వచ్చి ఇంకొకరికి నేర్పడం అంటే వేరే సంగతి. ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, రద్దు చేసి, ఉన్న బట్టలతో విమానం ఎక్కించేస్తారు. ఎవరీ ధైర్యవంతురాలు అనుకుంటూ ఇంటికి వచ్చి, చేపల పొలుసు తీస్తూ ఆవిడ కోసం ప్రార్థన మొదలుపెట్టాను. ఆవిడ ఇంకా విమానం దిగలేదు.

నేను బడికి పోలేదు. అమ్మ ఇంట్లోనే మా తమ్ముడికి చదువు చెబుతుంటే ఎదురుగా కూర్చుని చూసేదాన్ని. అందువల్ల నాకు అక్షరాలన్నీ తలకిందులుగా వచ్చాయి. అమ్మ అది చూసి, నవ్వి, నన్ను లాక్కుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. తెలుగు అలా అబ్బింది. ఇంగ్లీషు మాత్రం కువైట్‌లో డబ్బాల మీద చదివి నేర్చుకున్నదే. సబ్బు, పాలపొడి, బొద్దింకల మందు, ఇవన్నీ బాగా వచ్చు. క్రాస్ అంటే ఏమిటో కూడా వచ్చు అనుకున్నాను.

ఆవిడ దిగిన రోజున మామా నన్ను ఒక పూట పనికి పైకి పంపింది, పక్కింటికి పచ్చడి పంపినట్టు. ఆవిడ పొడుగ్గా ఉంది. జుట్టు గుర్రంతోకలా కట్టింది. కుడి మోకాలి మీద గోరు వెడల్పు కుట్ల మచ్చ. మెట్లు ఎక్కేటప్పుడు ఒక మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టుకుని ఎక్కుతుంది.

"గుడ్ మార్నింగ్ మామా" అన్నాను.

"నేను ఎవరికీ మామాను కాను. నన్ను కోచ్ అను" అంది. మా ఇద్దరి మధ్యా నడిచింది వంటింటి ఇంగ్లీషే. నేను ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను కాబట్టి నా మాటలు ఉన్నదానికంటే చక్కగా వినబడతాయి.

పెద్దామెను ఉట్టి కోచ్ అనడానికి నోరు రాలేదు. రైలు పెట్టెను పిలిచినట్టు ఉంది. "అలాగే, కోచ్ మామా" అన్నాను. ఆవిడ ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచింది. ఇక అదే ఖాయమైపోయింది.

"ఆ మూల సంచుల్లో క్రాస్‌లు ఉన్నాయి. వాటికి తడి గుడ్డ తగలనివ్వకు" అంది.

సంచి విప్పాను. లోపల కర్రలు. ఒక్కో కర్ర కొసన గరిటె తలకాయంత చట్రం, దానికి చిన్న వల. నేను గోదావరి పక్కన పుట్టినదాన్ని. మామిడికాయలు కోసే చిక్కం కర్ర ఇలాగే ఉంటుంది, ఇంతకు మూడింతలు పొడుగు. కానీ అప్పుడు నాకు మామిడికాయలు గుర్తుకు రాలేదు. పడవలు ఒడ్డున వదిలేసి ప్రభువు వెంట నడిచిన జాలరులు గుర్తుకు వచ్చారు. వలలు పంచిపెట్టి మరీ బోధిస్తోంది కాబోలు అనుకున్నాను.

నా తప్పేమీ లేదు. ఆవిడ మాటలు అలా ఉన్నాయి. సాయంత్రం డాబా మీద కర్ర పట్టుకుని, వలలో పసుపు రంగు రబ్బరు బంతి వేసి, చెవి పక్కన అటూ ఇటూ ఊపుతూ ఫోన్లో పిల్లలకు చూపించేది. "క్రేడిల్, క్రేడిల్" అనేది. క్రేడిల్ అంటే ఉయ్యాల. మామా నలుగురు పిల్లల ఉయ్యాల డబ్బాల మీద ఆ మాట చదివాను. తరువాత "క్రాస్ పైకెత్తు" అనేది. ఆఖరికి పిడికిలి బిగించి "సేవ్" అని అరిచేది. ఉయ్యాల, సిలువ, రక్షణ. మా పాస్టరుగారు శుక్రవారం మూడు గంటలు చెప్పేది ఈవిడ మూడు మాటల్లో ముగించేస్తోంది. నాకు ఆవిడ మీద భక్తి కుదిరిపోయింది.

ఆ శుక్రవారం బ్నీద్ అల్ గార్‌లో ప్రార్థన కూటానికి వెళ్ళాను. ఒక నర్సమ్మగారి ఫ్లాటులో పదిహేను మందిమి సోఫాలు గోడకు జరిపి చాప మీద కూర్చుంటాం. నర్సమ్మగారిది భీమవరం వైపు. ఆవిడను అందరం అమ్మగారూ అంటాం. ఆవిడ ప్రార్థనకు లేచిందంటే బిర్యానీ చల్లారిపోయినట్టే. ప్రపంచంలో ఏ దేశాన్నీ వదలదు, పటం దగ్గర పెట్టుకున్నట్టు ఒక్కో ఖండమే దాటుకుంటూ వస్తుంది.

"ప్రార్థన మనవులేమన్నా ఉంటే చెప్పండమ్మా" అంది.

నేను గొంతు తగ్గించి చెప్పాను. అందరూ ముందుకు వంగారు.

"కాలేజీలోనా?" అంది అమ్మగారు.

"అవునండి. అంతా ముస్లిం పిల్లలేనండి. ఒక్కొక్కళ్ళకీ ఒక్కో వల ఇచ్చిందండి."

"వలా?"

"గుర్తుగా ఇచ్చుంటాదండి."

"ఎంత విశ్వాసమో చూడండమ్మా. మనం ఇన్నేళ్ళై ఉన్నాం, ఏం చేశాం? బిర్యానీలు తింటన్నాం" అని అమ్మగారు కళ్ళు తుడుచుకుని ప్రార్థనకు లేచింది. బిర్యానీ ఆ రోజు గడ్డకట్టిపోయింది.

నిజం తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. ఒక మధ్యాహ్నం కోచ్ మామా ఫోన్ చేసి, పెద్ద ఇనప ముసుగు ఒకటి మరిచిపోయాను, డ్రైవరుతో పట్టుకురా అంది. చుట్టూ ఎత్తు గోడ ఉన్న ఆడపిల్లల మైదానం అది. మగవాళ్ళకు ప్రవేశం లేదు. డ్రైవరును గేటు దగ్గర వదిలి, ముసుగు సంకన పెట్టుకుని లోపలికి పోయాను.

అరడజను మంది పిల్లలు కళ్ళకు బోను లాంటి అద్దాలు పెట్టుకుని, ఆ కర్రలతో ఒకళ్ళ కర్రను ఒకళ్ళు టపటపా కొడుతూ, బంతి కోసం కుక్కపిల్లల్లా పరిగెత్తుతున్నారు. కోచ్ మామా నోట్లో విజిల్ పెట్టుకుని, ఆగినప్పుడల్లా నేను డబ్బాల మీద ఎన్నడూ చదవని మాటలు అంటోంది. సువార్త ఇలా ఉండదని నాకు అప్పుడే అర్థమైంది.

నీడలో మా మామా ఆఖరి పిల్ల చిప్స్ తింటూ కూర్చుని ఉంది, తను చదివేదీ ఆ కాలేజీలోనే. ఆ పిల్లా నన్ను అక్కా అనే పిలుస్తుంది, డ్రైవరు అంటుంటే విని. చాలాకాలం అదే నా పేరనుకుంది.

"బంగారం, ఇదేంటి?"

"ఆట, అక్కా. లాక్రాస్. ఆ కర్ర పేరు క్రాస్."

"కర్ర పేరా?"

"కర్ర పేరే. వలలో బంతి జారకుండా ఊపడం క్రేడిల్. గోల్ పడకుండా ఆపడం సేవ్." చిప్స్ నా ముందుకు చాపింది. "తింటావా?"

తిన్నాను. ఏం చేస్తాను?

మరుసటి శుక్రవారం కూటంలో నిలబడి, అది సువార్త కాదండి, ఆటండి అని చెప్పాను. నవ్వుతారనుకున్నాను. అమ్మగారు మాత్రం, "రెండు వారాలు ఉపవాసం ఉండి చేశాం కదమ్మా. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే బాగోదు. ఆటకే ఉంచుదాం" అంది. ఆ రోజు నుంచి బ్నీద్ అల్ గార్‌లో పదిహేను మంది తెలుగు ఆడవాళ్ళు, జీవితంలో చూడని ఒక ఆట కోసం వారం వారం ప్రార్థన చేశారు. అంతకు ముందు ఆ ఆటకు అంత బలగం ఎక్కడా ఉండి ఉండదు.

ఆట అని తెలిశాక కోచ్ మామా మీద నా భక్తి తగ్గి స్నేహం పెరిగింది. భయభక్తులున్న చోట మనిషి ఉల్లిపాయలు తరగదు. ఆవిడ నా పక్కన నిలబడి తరిగేది. తన కథ అలా ముక్కలు ముక్కలుగా చెప్పింది. చిన్నప్పటి నుంచీ ఇదే ఆట. వాళ్ళ దేశంలో ఆడవాళ్ళకు డబ్బిచ్చి ఈ ఆట ఆడించడం మొదలైన కొత్తల్లో, ఆ మొదటి ఆటగత్తెల్లో తనూ ఉందట. రెండు వేసవులు ఆడింది. డబ్బిస్తారు గానీ బతకడానికి పగలు ఇంకో పని చూసుకోవాలట. ఫోన్లో అప్పటి ఫోటో చూపించింది. చెమట, దుమ్ము, పళ్ళ మధ్య రబ్బరు ముక్క, అయినా పెళ్ళికూతురిలా వెలిగిపోతోంది.

రెండో వేసవిలో ఒకరోజు మోకాలు నొప్పెట్టి కూర్చుండిపోయింది. వాళ్ళ కోచ్ వచ్చి "ఇంకొక్క ఐదు నిమిషాలు" అన్నాడట. లేచి ఆడింది. మోకాలు పోయింది. ఆ తర్వాత ఒక కాలేజీలో సహాయ కోచ్‌కు సహాయకురాలిగా చేరింది. బంతులు ఏరడం, పిల్లల వ్యాను నడపడం. కువైట్ కాలేజీ వాళ్ళు పిలిచి, జట్టు కట్టు, నువ్వే కోచ్ అన్నారు. రాకుండా ఎలా ఉంటుంది?

చలికాలం సగం గడిచాక ఒక రోజు ఆవిడ ఉల్లిపాయలు ముట్టుకోలేదు. స్టూలు మీద ఊరికే కూర్చుంది.

"ఎండలు ముదరకముందు ఒక్క మ్యాచ్ పూర్తిగా ఆడి చూపించాలట. తల్లుల ముందు. లేకపోతే వచ్చే ఏడు మైదానం ఫుట్‌బాల్‌కి ఇచ్చేస్తారు. నన్ను ఇంటికి పంపేస్తారు."

"ఆడండి మరి."

"ఎదుటి జట్టు ఉంది. విదేశీ టీచర్లు. అందరూ చిన్నప్పుడు ఆడినవాళ్ళే. మాకే గోలీ లేదు. మొన్నటి దాకా ఉన్న పిల్లకు పెళ్ళి కుదిరింది. ఆ ముసుగులో ఫోటో చూసి అత్తగారు మాన్పించింది. గోల్ ముందు నిలబడి బంతి దెబ్బలు తినడానికి ఇంకెవరూ రావట్లేదు." మళ్ళీ తనే అంది, "ఇక్కడి నుంచి పంపేస్తే ఇక నన్ను ఎవరూ కోచ్ అనరు."

"నేనంటాను కదా, కోచ్ మామా."

"నువ్వు మామా కూడా అంటావు."

గోలీ అంటే ఏం చేయాలి అని అడిగాను. గోల్ ముందు అడ్డంగా నిలబడాలి, కదలమన్నప్పుడు కదలాలి, భయపడకూడదు అంది. కదలడం సంగతి చెప్పలేను గానీ, అడ్డంగా నిలబడడంలో ఈ కువైట్ మొత్తానికి పేరుమోసిన మనిషి మా కింది వాటాలోనే ఉంది. మా పిల్ల ఫోన్ చూస్తూ వంటింటి గుమ్మంలో నిలబడిందంటే చీమ కూడా లోపలికి రాలేదు. ఏళ్ళ తరబడి చేతిలో వేడి గిన్నెలతో ఆ పిల్ల చుట్టూ దారి వెతుక్కుంటున్నాను.

"మా పిల్లను అడగండి" అన్నాను.

పిల్ల మొదట ససేమిరా అంది. పరిగెత్తక్కర్లేదు అని తెలిశాక ఒప్పుకుంది.

సాయంత్రాలు ఇంటి వెనక పెరట్లో సాధన. గారేజీ తలుపుకు ఎదురుగా పిల్లను నిలబెట్టి, ఒంటి నిండా దిండ్ల లాంటివి కట్టి, కోచ్ మామా బంతులు విసిరేది. డ్రైవరు కారు తుడుస్తున్నట్టు నటిస్తూ అన్నీ చూసేవాడు.

"అక్కా, గా పిల్ల గోడ లెక్క నిలవడ్డది. బంతికే దెబ్బ తాకుతుంది."

పిల్లకు ఒకటే లోపం. గోలీ నోరు ఊరుకోకూడదట. వెనకనుంచి అంతా కనబడేది ఆ పిల్లకే కాబట్టి, ముందున్న వాళ్ళకు ఎటు పోవాలో అరిచి చెప్పాలి. ఇంగ్లీషులో అరవమంటే సిగ్గు. అరబీలో అరవమంటే పక్క పిల్లలు పెద్దింటి పిల్లలు, గద్దిస్తే మనసు నొచ్చుకుంటారట. ఒకరోజు పిల్లి బంతికి అడ్డం వచ్చింది. పిల్ల గొంతు చించుకుని "జరుగు" అంది. చీపురు పట్టుకుని ఆ పిల్లను నేను ఎన్నివేల సార్లన్నానో ఆ మాట, నా గొంతుతోనే వచ్చింది.

కోచ్ మామా విసరబోయేది ఆగిపోయింది. "అదేం మాట?"

"పక్కకు తప్పుకో అని, కోచ్ మామా."

"పొట్టిగా ఉంది. గట్టిగా ఉంది. ఇంకేమున్నాయి ఇలాంటివి?"

అలా మా గోదావరి వంటిల్లు మొత్తం మైదానానికి పోయింది. జరుగు, ఆపు, వెనక్కి, చూడు. ఆ జట్టులో ఏడెనిమిది మంది కువైటీ పిల్లలు ఆ నాలుగు మాటలు నేర్చుకున్నారు. ఒక పిల్ల ఆపు అనడం వింటే మాత్రం మా అమ్మ లేచి వచ్చేది, అంత బాగా అనేది.

అంతా కుదిరింది అనుకుంటున్న వారంలో మామా వంటింట్లోకి వచ్చింది. మామా వంటింట్లోకి రావడమంటే ఉప్పెన వచ్చినట్టే. నేను మచ్‌బూస్ అన్నానికి కోళ్ళు కడుగుతున్నాను.

"నా కూతురికి ఆ అమెరికా ఆమె సలీబ్ నేర్పిస్తోందా?" అంది అరబీలో.

సలీబ్ అంటే సిలువే. నా చేతిలో కోడి అలాగే ఉండిపోయింది. తరువాత తెలిసింది, కూతురు ఏదని మామా అడిగితే డ్రైవరు తనకు తెలిసిన ముక్క చెప్పాడట, క్రాస్ నేర్చుకుంటున్నది అని. బాబా ఫోన్లో విన్నప్పటి నుంచీ పాపం అతనికి ఆ ఒక్క ముక్కే తెలుసు.

"కాదు మామా. ఇది సిలువ కాదు."

"డ్రైవరు క్రాస్ అన్నాడు."

"క్రాసే మామా. కానీ సిలువ కాదు."

"ఆమె పెరట్లో క్రాస్, క్రాస్ అని అరవడం నా చెవులతో విన్నాను."

"ఇది సిలువ కాదు మామా."

అన్నాక లెక్క చూసుకున్నాను. మూడుసార్లయింది. నమ్ముకున్న ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడి సంగతి నాకు తెలుసు, ఆ వెంటనే కూసిన కోడి సంగతీ తెలుసు. నా చేతిలోని కోడి వంక చూశాను. ఫ్రీజర్‌లోంచి తీసినది కాబట్టి ఊరుకుంది. స్తోత్రం అనుకున్నాను.

"కూతురు ఇక వెళ్ళదు. ఖలాస్" అంది మామా.

చేతులు కడుక్కున్నాను. "మామా, ఇరవై ఏళ్ళుగా నీ ఇంట్లో ఉన్నాను. నా దేవుడి గురించి నీ పిల్లలకు ఎప్పుడైనా ఒక్క మాట చెప్పానా?"

మామా ఆలోచించింది. న్యాయం గల మనిషి. "మాట చెప్పలేదు. పాటలు పాడావు."

"తెలుగులో పాడాను మామా. పిల్లలు నిద్రపోయారు."

"నేనూ నిద్రపోయేదాన్ని" అంది మామా. కొంచెం మెత్తబడింది. "అయితే ఆ కర్ర తీసుకురా. చూస్తాను."

పైకి పరిగెత్తి ఒకటి తెచ్చాను. బంతి దొరకలేదు. నిమ్మకాయ ఒకటి వలలో వేసి, డాబా మీద చూసినట్టు ఊపాను. నిమ్మకాయ ఎగిరి ఫ్రిజ్‌కు తగిలి పొయ్యి కిందకు పోయింది. మామా నా చేతిలోంచి కర్ర లాక్కుని, ఇంకో నిమ్మకాయ వేసుకుని, అబాయా చేతులు పైకి తోసి ఊపింది. నిమ్మకాయ జారలేదు. వంటింటి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. జారలేదు.

"నీకు ఎలా వచ్చింది మామా?"

"నలుగురు పిల్లలను ఊపలేదా?"

నలుగురినీ ఊపింది నేను. కానీ అది ఆ మాట అనాల్సిన సమయం కాదు. కర్రను ఇంకోసారి తిప్పి చూసి, "చేపల వల" అని తేల్చేసింది. "వెళ్ళనివ్వు. కానీ ఆ రోజు నేను గోల్ వెనకే కూర్చుంటాను. నా పిల్లకు దెబ్బ తగిలితే లేపుకుని వచ్చేస్తాను."

వెళ్ళి కోచ్ మామాకు చెప్పాను. "గోలీకి దెబ్బ తగలని మ్యాచ్ లోకంలో లేదు" అంది.

మ్యాచ్ రోజున పొద్దుటి నుంచే దుమ్ము గాలి. లోపల అంతా ఆడవాళ్ళే ఉండాలి కాబట్టి మందూ మాకూ చూడ్డానికి మగ డాక్టరు పనికిరాడు. ఆ పనికి మా నర్సమ్మగారిని అడిగాను. ఆవిడ మందుల పెట్టెతో పాటు కూటంలోంచి నలుగురిని వెంటబెట్టుకు వచ్చింది. ఆ నలుగురూ గోడ నీడన వరసగా కూర్చుని మ్యాచ్ మొత్తం కళ్ళు మూసుకుని చూశారు. ఎదుటి జట్టులోని ఒక టీచరమ్మే విజిల్ పట్టుకుంది. కాలేజీ పెద్దావిడ ముందు వరసలో గొడుగు వేయించుకుని కూర్చుంది. మా మామా చెప్పినట్టే గోల్ వెనక కుర్చీ వేసుకుంది. పక్కన నేను, ఫ్లాస్కులో టీ.

ఆ టీచర్లను చూస్తే మెత్తగా ఉన్నారు. ఆట మొదలయ్యాక మాత్రం వాళ్ళు పిల్లలకు మార్కులు ఎలా వేస్తారో అర్థమైంది. గోల్ మీద గోల్ పడుతోంది. మా పిల్ల జరుగు, వెనక్కి అని అరుస్తూనే ఉంది, జరగాల్సిన వాళ్ళు జరుగుతూనే ఉన్నారు, బంతి మాత్రం తెలుగు వినట్లేదు. అయినా నాలుగైదు ఆపింది. ఆపిన ప్రతిసారీ మామా నా భుజం మీద ఒకటి వేసింది.

రెండో సగంలో ఒక బంతి నేరుగా వచ్చి పిల్ల తొడ మీద, దిండు లేని చోట తగిలింది. గోల్ వెనకున్న నాకు ఆ చప్పుడు వినబడింది. పిల్ల కూలబడి ముసుగు తీసేసి "ఖలాస్" అంది. కళ్ళ నిండా నీళ్ళు. విజిల్ ఊదారు. మామా లేచింది. వెనకే నేనూ, మందుల పెట్టెతో అమ్మగారూ.

మాకంటే ముందు కోచ్ మామా వచ్చింది. ఆ మోకాలితో కింద కూర్చోవడం ఆవిడకు పెద్ద పని. ఒక చెయ్యి నేల మీద ఆనించి, పళ్ళు బిగబట్టి, పిల్ల పక్కన దిగింది. ఇంకో గోలీ లేదు. ఆ పిల్ల లేచిపోతే ఆట ఆగిపోతుంది. గొడుగు కింద పెద్దావిడ గడియారం చూసుకుంటోంది. కోచ్ మామా నోరు తెరిచింది. ఇంకొక్క ఐదు నిమిషాలు అంటుందనుకున్నాను. ఎవరైనా అంటారు.

"కాలు నీది. వెళ్ళాలంటే వెళ్ళు. నేను ఉండమని అడగను" అంది.

అని, నిజంగానే ఇంకేమీ అనలేదు. మొహం మాత్రం తెల్లగా పాలిపోయింది.

"ఏమంది?" అని మామా నన్ను అడిగింది. చెప్పాను.

"పిల్ల వచ్చేస్తే?"

"ఆట ఆగిపోతుంది మామా. ఈవిడను ఇంటికి పంపేస్తారు."

"ఆ సంగతి పిల్లకు చెప్పిందా?"

"లేదు మామా. ఎప్పుడూ చెప్పలేదు."

మామా నేల మీద కూర్చున్న ఆవిడను కాసేపు చూసింది. తర్వాత మా అమ్మగారి వైపు తిరిగింది. అమ్మగారు అప్పటికే పిల్ల తొడను అటూ ఇటూ నొక్కి చూస్తోంది.

"విరిగిందా?"

"ఏం విరగలేదండి. కమిలిందంతే. ఐస్ పెడితే సరి" అంది అమ్మగారు తెలుగులో. నేను అరబీలో చెప్పాను.

మామా కూతురి మీదకు వంగింది. "నడవగలవా?"

"నొప్పి, యుమ్మా."

"నొప్పి అని నేనూ చూస్తున్నాను. నడవగలవా అని అడిగాను."

పిల్ల కాలు కదిపి చూసుకుంది. "నడవగలను."

"అయితే ఇంటికి వచ్చిన వాళ్ళను మధ్యలో పొమ్మంటామా? వాళ్ళంతట వాళ్ళు లేచే దాకా మనం లేవకూడదు. మీ తాత మీకేం నేర్పలేదా?"

పిల్ల నా వంక చూసింది. నేను ఐస్ సంచి వంక చూశాను. ఇంట్లో ఇలాంటి సమయాల్లో నేను ఎప్పుడూ ఫ్రిజ్ వంకో పొయ్యి వంకో చూస్తాను. పిల్ల గొణుక్కుంటూ ముసుగు పెట్టుకుంది. కోచ్ మామా లేవలేకపోతుంటే, పిల్లే చెయ్యి ఇచ్చి లేపింది. మామా కుర్చీ దగ్గరికి తిరిగి వస్తూ, ఆ బంతి విసిరిన టీచరమ్మ వంక ఒక చూపు చూసింది. పాపం ఆ టీచరమ్మ మళ్ళీ గోల్ దగ్గరికి రాలేదు.

ఆట చివరిదాకా జరిగింది. వాళ్ళకు పదహారు, మాకు మూడు. ఆఖరి విజిల్ ఊదగానే మా పిల్లలు గెలిచినట్టే ఎగిరారు. ఎవరు గెలిచారో తెలియని నలుగురు ప్రార్థనవాళ్ళు కళ్ళు తెరిచి చప్పట్లు కొట్టారు. కాలేజీ పెద్దావిడ గొడుగుతో సహా కోచ్ మామా దగ్గరికి వచ్చి, వచ్చే ఏడు మైదానం మీదే, కానీ కొంచెం గట్టి పిల్లలను వెతుక్కోండి అంది. మా మామాకు ఆ మాట ఎవరూ అనువాదం చేయలేదు. చేయకపోవడమే మంచిదయింది.

ఆ సాయంత్రం పైవాటాకు అన్నం పట్టుకెళ్ళాను. కోచ్ మామా మోకాలి మీద ఐస్ పెట్టుకుని నేల మీదే కూర్చుని ఉంది. పళ్ళెం అందుకుని, ఒక ముద్ద తిని, అడిగింది.

"మీవాళ్ళు నా కోసం అన్ని వారాలు ప్రార్థన చేశారు కదా. ఏమని అడిగారు?"

"ఆట పూర్తిగా జరగాలని, కోచ్ మామా."

"అంతేనా?"

"అంతే."

"గెలవాలని అడగలేదా?"

"మీరు పూర్తిగా ఆడాలనే చెప్పారు. గెలవాలని చెప్పలేదు."

ఆవిడ ముద్ద చేతిలో పట్టుకుని అలాగే నన్ను చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఐస్ సంచి జారి పోయేంత నవ్వింది. నేనూ నవ్వాను. అడిగినంతా ఇచ్చిన దేవుణ్ణి, ఇంకా ఎందుకు ఇవ్వలేదని ఎలా అంటాం?

"వచ్చే ఏడు గెలవాలని చెప్తాను" అంది.

"కాస్త ముందే చెప్పండి" అన్నాను. "పదమూడు గోల్స్ తేడా ఉంది. అమ్మగారికి టైం కావాలి."